532001: మన పిన్‌కోడ్‌లో దాగిన రెండు చదరాలు

మా ఇంటికి ఉత్తరాలు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. 532001 అని రాయడం మాత్రం తగ్గలేదు. బ్యాంకు ఫారం, స్కూలు అప్లికేషన్, ఆన్‌లైన్ ఆర్డర్, ఏది తెరిచినా ఆ ఆరు గళ్లు ఉంటాయి. శ్రీకాకుళం టౌన్‌లో ఉండేవాళ్లం దాన్ని చూడకుండా రాసేస్తాం. కానీ దాన్ని ఒక సంఖ్యగా, ఐదు లక్షల ముప్పై రెండు వేల ఒకటిగా, నేను ఎన్నడూ చదవలేదు. చదివించింది మా అమ్మాయి.

నెలగంట పెట్టిన రోజుల్లో గుమ్మం ముందు చుక్కల ముగ్గు వేస్తూ అడిగింది: "నాన్నా, మన పిన్‌కోడ్ ఎంతో అన్ని చుక్కలు పెట్టాలంటే వరసకు ఎన్ని పెట్టాలి? ఎన్ని వరసలు వస్తాయి?" అడిగినంత సేపు పట్టలేదు. జవాబు కోసం మాత్రం నేను మూడు రాత్రులు కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఆ మూడు రాత్రుల్లో దొరికింది చూశాక, ఊళ్లో అందరికీ చెప్పాలనిపించింది.

ముందు పిన్‌కోడ్ సంగతి రెండు మాటల్లో. ఇది మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపొందించినవారు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో పనిచేసిన శ్రీరామ్ భికాజీ వెలంకర్. ఆయన సంస్కృత కవి కూడా. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఉన్న ప్రాంతం. మొదటి మూడు అంకెలు కలిపి చదివితే ఉత్తరాలు విడదీసే జిల్లా తెలుస్తుంది. మనది 532, పక్కన విజయనగరం 535. చివరి మూడు అంకెలు ఆ ఉత్తరం చేరాల్సిన పోస్టాఫీసుకి గుర్తు. 001 మామూలుగా ముఖ్య పట్టణానికి వస్తుంది. శ్రీకాకుళం 532001, విజయనగరం 535001, విశాఖపట్నం 530001 అలా వచ్చినవే. అంటే ఈ సంఖ్యను ఎంచుకున్నప్పుడు ఎవరూ గణితం గురించి ఆలోచించలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరపడుతుంది.

ఇప్పుడు ముగ్గు. చుక్కకు ఎదురుగా చుక్క పెట్టే ముగ్గులో వరసకు 5 చుక్కల చొప్పున 3 వరసలు పెడితే 15 చుక్కలు. 15ని ఇలా దీర్ఘచతురస్రంగా పేర్చగలిగాం కాబట్టి 3, 5 దాని కారణాంకాలు. 13 చుక్కలిస్తే? వరసకు 2 పెట్టినా, 3 పెట్టినా, 4 పెట్టినా చివరి వరస నిండదు. అన్నీ ఒకే వరసలో పెట్టడం తప్ప దారి లేదు. అలాంటివాటిని ప్రధాన సంఖ్యలు అంటామని ఆరో తరగతిలో అందరం చదివాం. కాబట్టి మా అమ్మాయి అడిగింది నిజానికి ఇది: 532001 ప్రధాన సంఖ్యా, కాదా?

కొన్ని పిన్‌కోడ్లకు ఈ ప్రశ్న క్షణంలో తేలిపోతుంది. ఇచ్ఛాపురం 532312 సరి సంఖ్య. పలాస 532221 అంకెలు కూడితే 15, కాబట్టి 3తో భాగం పోతుంది. 532001 అంత తేలిగ్గా లొంగదు. చివర 1 ఉంది కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 11, కాబట్టి 3 పోదు. 7, 11, 13 మూడింటికీ కలిపి ఒక మంచి ఉపాయం ఉంది. 7×11×13 = 1001 కాబట్టి, సంఖ్యను చివరి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి తేడా చూస్తే చాలు. ఇక్కడ 532, 001. తేడా 531. ఇది 7తోనూ, 11తోనూ, 13తోనూ పోదు. కాబట్టి 532001 కూడా పోదు. ఈ 1001ని కూడా గుర్తుంచుకోండి.

ఎంతవరకు భాగించి చూడాలి? ఒక సంఖ్య రెండు కారణాంకాలుగా విడిపోతే వాటిలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదు. 729×729 = 531441, 730×730 = 532900. కాబట్టి 729 దాటనక్కర్లేదు. అందులోనూ ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. 2 నుంచి 727 వరకు అవి 129 ఉన్నాయి.

129 భాగహారాలు. మొదటి రెండు రాత్రులు అవే చేశాను. 17తో శేషం 3. 43తో శేషం 5. 103 దగ్గర ఆగి మళ్లీ చేశాను, శేషం 6. 461, 577 రెండూ శేషం 7 దగ్గర వదిలేశాయి. మూడు వందలు దాటాక పోతుందేమో, ఐదు వందలు దాటాక పోతుందేమో అని ఎదురుచూడటమే కానీ ఏదీ పోలేదు. 727తో 564 మిగిలింది. అయిపోయింది. 532001 ప్రధాన సంఖ్య.

దీన్ని మరీ పెద్ద వింతగా చెప్పను, చెప్పకూడదు. ప్రధాన సంఖ్యలు పైకి పోయేకొద్దీ పలుచబడతాయి. ఎంత పలుచబడతాయో జర్మన్ గణితవేత్త గౌస్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, ఇంకా కుర్రాడిగా ఉండగానే ఊహించాడు. 1896లో అడమార్, ద లా వల్లే పూసాఁ విడివిడిగా నిరూపించారు. ఆ లెక్క ప్రకారం 532001 ఉన్న చోట సగటున 13 సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. 2తోనూ, 5తోనూ పోని సంఖ్యలనే తీసుకుంటే అయిదింట ఒకటికి కాస్త తక్కువ. అంటే మనకు దక్కిన అదృష్టం ఓ మాదిరిది. అసలు విశేషం ఇంకో చోట ఉంది.

మా అమ్మాయికి జవాబు చెప్పాను: "ఎలా పెట్టినా ఒక్క వరసే వస్తుందమ్మా." ముఖం చిన్నబుచ్చుకుంది. "అయితే రెండు ముగ్గులు వేద్దాం. రెండూ చదరంగా" అంది. పిల్లలు ఊరికే అనే మాటలు కొన్ని నేరుగా గణితం గుండెల్లోకి వెళ్తాయి. ఒక ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలమా అన్న ప్రశ్న నాలుగు వందల ఏళ్ల నాటిది.

చిన్న ప్రధాన సంఖ్యలతో చూద్దాం. 5 = 1² + 2². 13 = 2² + 3². 17 = 1² + 4². 29 = 2² + 5². ఇవన్నీ కుదురుతున్నాయి. 3, 7, 11, 19, 23 మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరవు. తేడా ఎక్కడుంది? 4తో భాగించి చూడండి. కుదిరినవి శేషం 1 ఇస్తాయి, కుదరనివి 3. కుదరకపోవడానికి కారణం తేలిక: ఏ వర్గాన్నైనా 4తో భాగిస్తే శేషం 0 లేదా 1 మాత్రమే వస్తుంది, కాబట్టి రెండు వర్గాలు కలిస్తే శేషం 3 రానే రాదు. కష్టమైనది రెండోవైపు: శేషం 1 ఇచ్చే ప్రతి ప్రధాన సంఖ్యా తప్పకుండా రెండు వర్గాల మొత్తం అవుతుంది, అదీ ఒకే ఒక్క విధంగా. ఆల్బర్ట్ గిరార్డ్ దీన్ని ముందే గమనించాడు. ఫెర్మా 1640 డిసెంబర్ 25న మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో ప్రకటించాడు, నిరూపణ మాత్రం ఇవ్వలేదు. వందేళ్లకు పైగా గడిచాక స్విస్ గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. ఆయన కూడా ఆ నిరూపణను గోల్డ్‌బాక్‌కు ఉత్తరాల్లోనే రాశాడు, చివరి మెలిక 1749 నాటి ఉత్తరంలో విప్పాడు. ఉత్తరాల కోసం పుట్టిన మన సంఖ్య గురించి చెప్పే సిద్ధాంతం కూడా ఉత్తరాల మీదే ప్రయాణించిందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

532001ని 4తో భాగిస్తే శేషం 1. కాబట్టి రెండు చదరాలు ఎక్కడో ఉన్నాయని ఆయిలర్ హామీ ఇచ్చేశాడు. వెతకడమే మిగిలింది. 1 నుంచి 729 వరకు ఒక్కొక్కటీ చూడనక్కర్లేదు. చివరి అంకెలే సగం పైగా పని చేసిపెడతాయి.

ఏ వర్గమైనా 0, 1, 4, 5, 6, 9 లలో ఒకదానితో ముగుస్తుంది. రెండు వర్గాలు కలిపితే చివర 1 రావాలి. 0+1 కావాలి, లేదా 5+6 కావాలి. వేరే దారి లేదు. కాబట్టి రెండు సంఖ్యల్లో ఒకటి తప్పకుండా 5 గుణిజం. 5 గుణిజం వర్గం 00 తోనో 25 తోనో ముగుస్తుంది. మనకు కావలసిన మొత్తం చివర 01 కాబట్టి రెండో వర్గం 01 తోనో 76 తోనో ముగియాలి. అలా ముగియాలంటే ఆ రెండో సంఖ్య చివరి రెండు అంకెలు 01, 49, 51, 99, 24, 26, 74, 76 లలో ఒకటై ఉండాలి. ఇంకొక జల్లెడ: 532001ని 3తో భాగిస్తే శేషం 2. వర్గాలు 3తో శేషం 0 లేదా 1 ఇస్తాయి. 2 రావాలంటే రెండూ 1 ఇవ్వాలి, అంటే రెండింట్లో ఏదీ 3 గుణిజం కాకూడదు.

ఇంత జల్లించాక 729 లోపు మిగిలినవి 39 సంఖ్యలు. 1, 26, 49, 74, 76, 101 ఇలా. ఒక్కొక్కదాని వర్గాన్ని 532001 నుంచి తీసేసి, మిగిలింది వర్గమేనా అని చూడాలి. మూడో రాత్రి ఇదే పని. 21వ ప్రయత్నం 376. దాని వర్గం 141376. తీసేస్తే 390625. ఆ సంఖ్యను నేను ఎప్పుడో చూశాను. 625 వర్గం అది.

532001 = 376² + 625²

కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే 376, 625 ఏవో రెండు మామూలు సంఖ్యలు కావు. 5 వర్గం 25, చివర మళ్లీ 5. 25 వర్గం 625, చివర మళ్లీ 25. 625 వర్గం 390625, చివర మళ్లీ 625. ఎన్నిసార్లు తనతో తాను హెచ్చించుకున్నా తోక చెదరదు. ఇలాంటి ఇంకో వరస 6తో మొదలవుతుంది: 6 వర్గం 36, 76 వర్గం 5776, 376 వర్గం 141376. మూడంకెల సంఖ్యల్లో, ముందు సున్నాలు లేకుండా, ఈ గుణం ఉన్నవి సరిగ్గా రెండే రెండు: 376, 625. మన పిన్‌కోడ్ ఆ రెండింటి వర్గాల మొత్తం.

రెండే ఎందుకు ఉన్నాయో చెప్పకపోతే ఇది గారడీలా ఉండిపోతుంది. ఒక సంఖ్య వర్గం చివరి మూడు అంకెలు ఆ సంఖ్యవే కావాలంటే, వర్గంలోంచి ఆ సంఖ్యను తీసేస్తే చివర మూడు సున్నాలు రావాలి. అంటే ఆ సంఖ్యను దాని ముందు సంఖ్యతో గుణిస్తే వచ్చేది 1000తో పోవాలి. 1000 అంటే 8×125. పక్కపక్క సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు, కాబట్టి 8 పూర్తిగా ఒకదాంట్లోనే ఉండాలి, 125 కూడా పూర్తిగా ఒకదాంట్లోనే ఉండాలి. రెండూ ఒకేచోట ఉంటే వచ్చేవి 000, 001. 125 సంఖ్యలోనూ 8 దాని ముందుదాంట్లోనూ ఉంటే 625 (625 = 5×125, 624 = 78×8). 8 సంఖ్యలోనూ 125 ముందుదాంట్లోనూ ఉంటే 376 (376 = 47×8, 375 = 3×125). నాలుగు దారులు, నాలుగు తోకలు.

వెంటనే ఇంకో ముడి కూడా విడిపోతుంది. 376 + 625 = 1001. వర్గాలు తమ తోకలను నిలుపుకుంటాయి కాబట్టి వర్గాల మొత్తం చివర కూడా 376 + 625 పడుతుంది, అంటే 001. మన పిన్‌కోడ్ చివరి మూడు అంకెలు అలా వచ్చి తీరాలి. ముందు భాగం 141 + 390, చేతికి వచ్చిన 1 కలిపి 532.

ఇక్కడ ఏది తప్పనిసరి, ఏది కాకతాళీయం అన్నది జాగ్రత్తగా విడదీయాలి. సంఖ్యల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. తోక చెదరని రెండు సంఖ్యల వర్గాలు కలిపితే చివర 001 రావడం తప్పనిసరి. ముఖ్య పట్టణానికి 001 దక్కడం తపాలా శాఖ పద్ధతి. కానీ ముందున్న 532 మన జిల్లాకే వచ్చిన అంకెలు కావడానికి ఏ కారణమూ లేదు. అది పూర్తిగా కాకతాళీయం. వెలంకర్ గారు ఏదో రహస్యం దాచిపెట్టారని ఎవరైనా అంటే నమ్మకండి. కాకతాళీయమైనంత మాత్రాన దాని అందం తగ్గదని నా నమ్మకం.

ప్రధాన సంఖ్య కావడం కూడా తప్పనిసరి కాదు. ఒకంకె తోకలతో 5² + 6² = 61, ప్రధాన సంఖ్యే. రెండంకెలతో 25² + 76² = 6401. ఇదీ ప్రధానమే అనిపిస్తుంది, కానీ 6401 = 37×173. మూడంకెలతో మళ్లీ ప్రధాన సంఖ్య వచ్చింది. సూత్రమేమీ లేదు, ఏ సంఖ్యకు ఆ సంఖ్యను అడిగి తెలుసుకోవాల్సిందే.

6401 మాత్రం ఒక మేలు చేసింది. ఆయిలర్ చెప్పిన "ఒకే ఒక్క విధంగా" అన్న మాటకు అసలు అర్థం దాని ద్వారానే నాకు తెలిసింది. ఇందుకు ఏడో శతాబ్దపు బ్రహ్మగుప్తుడి దగ్గరికి వెళ్లాలి. రెండు వర్గాల మొత్తాన్ని, మరో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది. 5×13 చూడండి. 5 = 1² + 2², 13 = 2² + 3². 1, 2 కింద 2, 3 రాసి, అడ్డంగా గుణించి కలపండి: 1×3 + 2×2 = 7. నిలువుగా గుణించి తీసేయండి: 2×3 − 1×2 = 4. 7² + 4² = 65. ఇప్పుడు కూడిక, తీసివేత తారుమారు చేయండి: నిలువుగా కలిపితే 8, అడ్డంగా తీసేస్తే 1. 8² + 1² = 65. ఒకే సంఖ్యకు రెండు జతలు వచ్చాయి.

కారణాంకాలు రెండు ఉన్నాయి కాబట్టే జతలూ రెండు వచ్చాయి. 6401కి కూడా అంతే: 37 = 1² + 6², 173 = 2² + 13². పైన చెప్పినట్టు చేస్తే ఒక దారిలో 76² + 25² వస్తుంది, ఇంకో దారిలో 80² + 1². మీరే సరిచూసుకోండి, రెండూ 6401 అవుతాయి.

ఆయిలర్ దీన్ని తిరగేశాడు. 4తో శేషం 1 ఇచ్చే సంఖ్య ఒకటి రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయడానికి కుదిరి, ఆ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతే, ఆ సంఖ్య ప్రధానమే. అంటే నేను 376 దగ్గర ఆగిపోకుండా 39 సంఖ్యలూ చూసేస్తే, 129 భాగహారాలతో పని లేకుండానే 532001 ప్రధాన సంఖ్య అని తేలిపోతుంది. ఉపాయం ముందే తెలిసి ఉంటే రెండు రాత్రులు మిగిలేవి. అయినా మిగతా 18 కూడా చూశాను. 574 దగ్గర గుండె ఒక్కసారి ఆగింది. 532001 నుంచి 574 వర్గం తీసేస్తే 202525. 450 వర్గం 202500. 25 తేడాతో తప్పిపోయింది. అది కుదిరి ఉంటే నా 129 భాగహారాల్లో ఎక్కడో పొరపాటు ఉన్నట్టు. కుదరలేదు. మిగతావీ కుదరలేదు. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరడం కన్నా నమ్మకం ఇచ్చేది గణితంలో ఇంకేముంది?

ఇప్పుడు పక్క జిల్లాకు వెళ్దాం. 535001 కూడా 4తో శేషం 1 ఇస్తుంది. విజయనగరం వాళ్లకూ రెండు చదరాల ముగ్గు కుదురుతుందనే ఆశ పడతాం. కుదరదు. ఎందుకంటే 535001 = 47×11383. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే, రెండూ 4తో శేషం 3 ఇస్తాయి. శేషం 3లు రెండు గుణిస్తే 9, అంటే శేషం 1 వస్తుంది. పైకి 532001లాగే కనిపిస్తుంది కానీ లోపలి కట్టడం వేరు. చిన్న ఉదాహరణ 21. అది 3×7, 4తో శేషం 1. కానీ 21 నుంచి 1, 4, 9, 16 ఏది తీసేసినా మిగిలేది వర్గం కాదు. శేషం 3 ఇచ్చే ప్రధాన సంఖ్య రెండు వర్గాల మొత్తాన్ని భాగిస్తే, ఆ రెండు సంఖ్యలనూ విడివిడిగా భాగించి తీరుతుంది. అంటే దాని వర్గం కూడా ఆ మొత్తంలో ఇమిడి ఉండాలి. 535001లో 47 ఒక్కసారే ఉంది. అందుకే దారి మూసుకుపోయింది. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటి: మన 376 కూడా 47×8. విజయనగరం దారి మూసిన 47, శ్రీకాకుళం చదరంలో భుజం పట్టి నిలబడింది. 376 ఒక్కదాన్నే అది భాగిస్తుంది, 625ను భాగించదు, కాబట్టి పై నియమానికి ఏ అడ్డూ లేదు.

విజయనగరానికి వేరే వరం దక్కింది. ఊళ్లోని మరో పిన్‌కోడ్ 535002 = 2×3×13×19×19×19. పక్కనున్న 535001కి భాజకాలు, అంటే శేషం లేకుండా భాగించే సంఖ్యలు, నాలుగే: 1, 47, 11383, అదీ. 535002కి మాత్రం 32. అంటే ఒక్క వరసను కూడా లెక్కేసుకుంటే 535002 చుక్కలను 16 రకాల దీర్ఘచతురస్రాలుగా పేర్చవచ్చు. మనకూ అలాంటి పొరుగు ఉంది. ఒక్క చుక్క తీసేస్తే 532000, దాని భాజకాలు 96! 2 అయిదుసార్లు, 5 మూడుసార్లు, 7 ఒకసారి, 19 ఒకసారి గుణిస్తే వచ్చే సంఖ్య అది. 48 రకాల దీర్ఘచతురస్రాలుగా పేర్చగల సంఖ్యకు ఒక్క చుక్క కలిపితే ఒక్క వరస తప్ప దేనికీ లొంగని సంఖ్య అయింది. సంఖ్య ఎంత పెద్దది అన్నదానికీ, అది ఎలాంటిది అన్నదానికీ సంబంధమే లేదని నాకు ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

ఇదంతా దేనికి పనికొస్తుందని అడిగేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు, బ్యాంకు వెబ్‌సైట్ తెరిచేటప్పుడు జరిగే రహస్య సంకేతాల మార్పిడిలో పెద్ద ప్రధాన సంఖ్యలకు చోటు ఉంది. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి మొత్తం దాని మీదే నిలబడింది: మూడేసి వందల అంకెల ప్రధాన సంఖ్యలు రెండు గుణించడం తేలిక, గుణించగా వచ్చినదాన్ని మళ్లీ విడదీయడం మాత్రం మామూలు కంప్యూటర్ల తరం కాదు. ఒక సంఖ్య ప్రధానమా కాదా చెప్పడం మాత్రం వేరే సంగతి, అది ఎంత పెద్ద సంఖ్యకైనా తగిన వేగంతో, కచ్చితంగా చెప్పవచ్చని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. నిరూపించినప్పుడు కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు. ఆ ఉపయోగాలు లేకపోయినా నేను ఈ మూడు రాత్రులు కూర్చునేవాణ్ణే.

తెలుగువాళ్లకు ఈ ఇష్టం కొత్తదీ కాదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన మన భాషలోకి తెచ్చాడు. ఆ మహావీరుడు మెడలో హారంలా అటు నుంచీ ఇటు నుంచీ ఒకేలా కనిపించే లబ్ధాలను ఏరి చూపించాడు. 27994681ని 441తో గుణిస్తే 12345654321. లోపల చూస్తే అది 111111 వర్గం. ఆ 111111 అంటే 111×1001. మనం 7, 11, 13 చూడటానికి వాడుకున్న 1001, మన రెండు చదరాల భుజాలు కలిపితే వచ్చిన 1001, ఇదే.

మా అమ్మాయికి చివరికి కొలతలు చెప్పాను. అంగుళానికి ఒక చుక్క పెడితే 625 చుక్కల వరసలో 624 సందులు, అంటే సరిగ్గా 52 అడుగులు. 376 చుక్కల వరస 31 అడుగుల 3 అంగుళాలు. రెండు ముగ్గులూ పక్కపక్కన పడతాయి, మా వీధి చాలదు కానీ స్కూలు గ్రౌండ్ చాలుతుంది. ఈసారి నెలగంటకు ముందే పిండి ఎంత కావాలో లెక్క వేయమంది. చుక్కకు ఎంత పిండి పడుతుందో తూచడానికి ఇద్దరం నిన్న వంద చుక్కలు పెట్టాం.